గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీకి 150 కిలోవాట్ సోలార్: బ్యాటరీ సైజు తేల్చే ముందు మేం వేసిన లెక్కలు

ఏటా జులై వచ్చేసరికి మా ఫోన్ మోగడం మొదలవుతుంది. "మార్చిలో రోజుకి 700 యూనిట్లు వచ్చేవండీ, ఇప్పుడు 400 కూడా దాటట్లేదు, ప్యానెల్స్ ఏమైనా పోయాయా?" అని ఒకటే ప్రశ్న. ప్యానెల్స్ ఏం పోవు. మబ్బు పట్టింది, అంతే. కానీ దాని వెనకే ఇంకో మాట వస్తుంది, "అయితే బ్యాటరీ పెట్టేద్దాం, ఎండాకాలంలో మిగిలింది దాచుకుని వానాకాలంలో వాడుకుందాం" అని. చాలామంది డబ్బు దండగయ్యేది ఈ రెండో మాట దగ్గరే, అందుకే ఈ కేసు మొత్తం లెక్కలతో సహా రాస్తున్నా.

సైటు గుంటూరు ఊరి చివర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ. నాలుగు ఛాంబర్లు, కలిపి సుమారు లక్ష టిక్కీల (మిర్చి బస్తాల) కెపాసిటీ, టిక్కీ 45 కిలోలు అనుకుంటే 4500 టన్నుల సరుకు. చల్లబరచడానికి అమోనియా ప్లాంటు, రెండు కంప్రెసర్లు, ఒకటి నడిస్తే ఇంకోటి స్టాండ్‌బై, సీజన్‌లో మాత్రం రెండూ నడుస్తాయి. రేకుల పైకప్పు మీద 150 కిలోవాట్ సోలార్ అప్పటికే ఉంది. దానికి దాదాపు 16 వేల చదరపు అడుగులు పట్టింది. ఓనర్ గారు మమ్మల్ని పిలిచింది బ్యాటరీ కొటేషన్ కోసం. "రాత్రి కూడా సోలార్ మీదే నడవాలి, వానాకాలం కూడా నడవాలి, ఎంతవుతుందో చెప్పండి" అన్నారు. ఆయన అడగడంలో తప్పేం లేదు, సాయంత్రం పీక్ గంటల్లో యూనిట్ రేటు ఎక్కువ, బిల్లు చూస్తే ఎవరికైనా అదే అనిపిస్తుంది.

మేం కొటేషన్ ఇవ్వలేదు. ముందు ఏడాది కరెంటు బిల్లులు, ఇన్వర్టర్ డేటా అడిగి తీసుకున్నాం.

సోలార్ వైపు చూస్తే మార్చిలో నెలకి దాదాపు 22 వేల యూనిట్లు, ఏప్రిల్ 21 వేలు, మే ఇరవైన్నర, జూన్‌లో 17, జులైలో పదిహేనున్నర, ఆగస్టు పదహారుకి కొంచెం తక్కువ, అక్టోబర్ 17, డిసెంబర్ పదహారున్నర, మళ్లీ ఫిబ్రవరికి 19 వేలు. ఏడాది మొత్తం 2 లక్షల 14 వేలు, అంటే కిలోవాట్‌కి 1400 పైన, మన దగ్గర బాగా మెయింటైన్ చేసే రూఫ్‌టాప్‌కి వచ్చే లెక్కే ఇది. మంచి నెలకీ చెడ్డ నెలకీ మధ్య తేడా ఒకటికి 1.4 రెట్లు. ఇది చాలా తక్కువ తేడా అని నేను నొక్కి చెప్తా. జర్మనీలో డిసెంబర్‌లో వచ్చేది జూన్‌లో వచ్చేదాంట్లో ఐదో వంతుకి అటూ ఇటూ ఉంటుంది, అక్కడ సీజన్ స్టోరేజీ అనేది నిజమైన తలనొప్పి. మనం 16 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాం, డిసెంబర్ పగటికీ జూన్ పగటికీ రెండు గంటల తేడా కూడా లేదు, డిసెంబర్ 21న మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 50 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. మనకి తగ్గించేది ప్రధానంగా నైరుతి మబ్బులు, తర్వాత అక్టోబర్ నవంబర్ వాయుగుండాలు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి, రోహిణి కార్తె ఎండలో సోలార్ దుమ్మురేపుతుందని చాలామంది అనుకుంటారు. రేపదు. సిలికాన్ ప్యానెల్‌కి వెలుతురు కావాలి కానీ వేడి పడదు, 25 డిగ్రీలు దాటిన ప్రతి డిగ్రీకీ 0.35 శాతం చొప్పున పవర్ తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం రేకుల మీద ప్యానెల్ 65 డిగ్రీలకి పోతుంది, అంటే 14 శాతం అక్కడే పోయినట్టు. అందుకే ఈ సైటులో మార్చి నెల మే కంటే ముందుంది. పైగా మే నెలలో దుమ్ము. మిర్చి యార్డు వైపు లారీలు తిరిగే రోడ్లు, చుట్టూ నల్లరేగడి పొలాలు, పదిరోజులు కడక్కపోతే పొర కట్టేస్తుంది. కడిగేది తెల్లారుజామునే కడగాలి, ఎండెక్కాక కాలిపోతున్న గ్లాసు మీద చల్లనీళ్లు పొయ్యకూడదు. బోరు నీళ్లలో సున్నం లాంటి లవణాలు ఎక్కువ ఉంటే ఆరాక తెల్లమరకలు దిగుతాయి, అవి మామూలు నీళ్లకి పోవు, కాబట్టి ఆ సున్నం తీసేసే సాఫ్ట్‌నర్ నీళ్లు వాడమని చెప్పాం. ఇదంతా చిన్న విషయంలా ఉంటుంది కానీ బ్యాటరీకి లక్షలు పెడదామనే ముందు ఈ యూనిట్లు రాబట్టుకోవాలి కదా, ఇవి దాదాపు ఉచితంగా వచ్చేవి.

సరే, ఇప్పుడు లోడ్ వైపు. ఈ కేసు మొత్తం తిరిగింది ఇక్కడే. మిర్చి ఎప్పుడొస్తుంది? జనవరిలో కొత్త కాయ మొదలై ఫిబ్రవరి మార్చి ఏప్రిల్‌లో యార్డు నిండిపోతుంది, రేటు నచ్చని రైతు, వ్యాపారి అందరూ సరుకు ఏసీలో (కోల్డ్ స్టోరేజీని ఇక్కడ అలాగే అంటారు) పెట్టేది అప్పుడే. కల్లాల్లో ఎండి వేడిగా వచ్చిన టిక్కీలని 7 డిగ్రీలకి దించాలి, బయట ఎండ 40 దాటుతుంది, తలుపులు రోజంతా తెరుస్తూ మూస్తూ ఉంటారు. అందుకని మార్చిలో 42 వేల యూనిట్లు, ఏప్రిల్‌లో 44 వేలు, మే 40 వేలు తింటుంది ప్లాంటు. సరుకు చల్లబడ్డాక జులైలో 29 వేలు, అక్టోబర్‌లో 26, డిసెంబర్ వచ్చేసరికి సగం సరుకు బయటికి పోయి, బయట కూడా చలిపడి, 19 వేలకి దిగుతుంది.

రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టి ఓనర్ గారికి చూపించాం. మార్చిలో ప్లాంటు వాడకంలో సగం సోలార్ ఇస్తోంది. జులైలో, అంటే ఆయన భయపడే మబ్బుల నెలలో, అప్పుడు కూడా సగమే. సోలార్ తగ్గిన మాట నిజమే, లోడ్ కూడా దాంతోపాటే తగ్గింది. డిసెంబర్‌లో అయితే వాడకంలో 85 శాతానికి పైగా సోలార్‌కి సమానంగా ఉంది. అంటే ఈ సైటుకి సీజన్ సమస్య లేదు. ఆయన ఏ వానాకాలం కోసమైతే బ్యాటరీ అడిగారో ఆ వానాకాలంలో లోటు ఎండాకాలం కంటే ఎక్కువ లేదు. అసలు సమస్య గంటలది, డిసెంబర్ మధ్యాహ్నం 12కి ప్యానెల్స్ 100 కిలోవాట్ ఇస్తుంటే లోపల లోడ్ 30 కూడా ఉండట్లేదు, మిగతాదంతా గ్రిడ్‌కి పోతోంది, సాయంత్రం 6 దాటగానే అదే గ్రిడ్ నుంచి పీక్ రేటుకి కొనుక్కుంటున్నారు.

ఇదే ఇంకో లోడ్ అయితే కథ వేరేగా ఉండేది. విజయవాడలో ఒక ఇంటి మీద 3 కిలోవాట్ ఉందనుకోండి, ఆ ఇంటికి కష్టం మే, జూన్ రాత్రులు, బెడ్‌రూమ్ ఏసీలు తెల్లవార్లూ నడుస్తాయి, ఫిబ్రవరిలో మాత్రం సగం కరెంటు మిగిలిపోతుంది. ప్యానెల్స్ అవే, సూర్యుడూ అతనే, లోటు పడే నెలలు వేరు. అందుకే ఎవరైనా లోడ్ అడక్కుండా సోలార్ గ్రాఫ్ మాత్రమే చూసి స్టోరేజీ సైజు చెప్తే నేను నమ్మను.

అయినా బ్యాటరీతో ఎండాకాలం కరెంటుని వానాకాలానికి దాచడం ఎందుకు కుదరదో ఆయనకి కాగితం మీద వేసి చూపించాం, ఎందుకంటే ఈ ఆలోచన మాటతో పోదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఒక యూనిట్ కెపాసిటీకి అన్నీ కలిపి 15 వేల రూపాయలు పడిందనుకుందాం, 15 ఏళ్లు పనిచేసిందనుకుందాం. రోజూ నింపి రోజూ ఖాళీ చేస్తే ఏడాదికి 300 రోజులు లెక్కేసినా జీవితకాలంలో 4500 యూనిట్లు తిరిగిస్తుంది, యూనిట్ దాచడానికి 3 రూపాయల 30 పైసలు పడింది, లాసులు వడ్డీ కలిపితే ఇంకొంచెం. అదే బ్యాటరీని మార్చిలో నింపి జులైలో ఖాళీ చేస్తే ఏడాదికి ఒక్కసారి, 15 ఏళ్లలో 15 యూనిట్లు. యూనిట్‌కి వెయ్యి రూపాయలు. బ్యాటరీ రేటు సగానికి సగం తగ్గినా 500. పగటికీ రాత్రికీ మధ్య వంతెన వెయ్యడానికే బ్యాటరీ పనికొస్తుంది, సీజన్‌కీ సీజన్‌కీ మధ్య వంతెన అది వెయ్యలేదు.

మరి సీజన్ తేడా ఎవరు పూడుస్తారు అంటే, మన తెలుగు రాష్ట్రాల వరకు గ్రిడ్డే పూడుస్తుంది, అది కూడా రెండు దారుల్లో. ఒకటి గాలి. అనంతపురం, కర్నూలు, కడప కొండల మీద ఉన్న దాదాపు 4 వేల మెగావాట్ల గాలిమరలు గట్టిగా తిరిగేది జూన్ నుంచి ఆగస్టు దాకా, అంటే సరిగ్గా మన సోలార్ నీరసపడే నెలల్లో. రెండోది కృష్ణ నీళ్లు. వానల్లో శ్రీశైలం, సాగర్ నిండితే ఆ నీళ్లు ఒక సీజన్‌ని ఇంకో సీజన్‌కి మోసే నిజమైన స్టోరేజీ. నాగార్జునసాగర్‌లో 100 మెగావాట్ల రివర్సిబుల్ యూనిట్లు ఏడు ఉన్నాయి, శ్రీశైలం ఎడమగట్టున 150 మెగావాట్లవి ఆరు, కింది నీళ్లని మళ్లీ పైకి ఎత్తగలవు, అయితే ఎత్తిపోసి దించుకోవడమనే పని రోజువారీ లెక్కకే, పెట్టిన కరెంటులో నాలుగింట మూడొంతుల పైన తిరిగొస్తుంది. కర్నూలు వైపు పిన్నాపురంలో కట్టిన పంప్డ్ స్టోరేజీ (ఇలా నీళ్లు ఎత్తి దించుకునే ప్లాంటు) కూడా అంతే, మధ్యాహ్నం కరెంటుని సాయంత్రానికి జరపడానికి. ఒక కోల్డ్ స్టోరేజీ ఓనర్ ఈ పనంతా తన షెడ్డులో చెయ్యాలనుకోవక్కర్లేదు, గ్రిడ్‌తో కట్టి ఉండటమే ఆయనకి సీజన్ స్టోరేజీ. నెట్ మీటరింగ్, బ్యాంకింగ్ (గ్రిడ్‌కి పంపిన కరెంటుని లెక్కలో ఉంచి తర్వాత వాడుకోనివ్వడం) నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి ఏ ఏడాదికా ఏడాది తాజా ఉత్తర్వు చదివి లెక్క వేసుకోవాలి, పాత కొటేషన్‌లో ఉన్న లెక్క పట్టుకోకండి.

ఇంక మిగిలింది మధ్యాహ్నాన్ని సాయంత్రానికి జరపడం. దీనికి బ్యాటరీ లెక్క కుదురుతుంది, ఓనర్ గారు 150 యూనిట్ల బ్యాటరీ పెడదామనే అన్నారు. కానీ ఆయన షెడ్డులో అప్పటికే ఒక స్టోరేజీ ఉంది. 4500 టన్నుల మిర్చి.

ఎండుమిర్చిలో తేమ పది శాతం ఉంటుంది, అలాంటి పొడి సరుకు కిలోని ఒక డిగ్రీ చల్లబరచడానికి సుమారు 1.2 కిలోజౌళ్లు పడుతుంది. నీళ్లతో పోలిస్తే మూడో వంతు కూడా కాదు, కానీ ఇక్కడ ఉన్నది 4500 టన్నులు. యూనిట్ అంటే 3600 కిలోజౌళ్లు, కాబట్టి మొత్తం సరుకు ఒక్క డిగ్రీ దిగితే 1500 యూనిట్ల చల్లదనం దాచినట్టు, ప్లాంటు ఒక యూనిట్ కరెంటుకి మూడు యూనిట్ల చల్లదనం ఇస్తుందనుకుంటే 500 యూనిట్ల కరెంటు. కాగితం మీద ఇది అద్భుతంగా ఉంటుంది, కానీ నిజంలో టిక్కీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి, గోనె సంచీలో మిర్చి మంచి ఇన్సులేషన్, ఒక పగట్లో లోపలి సంచీల దాకా చలి చేరదు. బయటి వరసలు, గోడలు, నేల, గాలి, ఇవే రోజువారీ పాల్గొంటాయి. మేం మూడో వంతే లెక్కలోకి తీసుకున్నాం. అదైనా డిగ్రీకి 160 యూనిట్లు పైచిలుకు, ఓనర్ గారు కొందామన్న బ్యాటరీ అంత.

చేసిన పని చాలా సాదా. ఇంతకుముందు సెట్ పాయింట్ (మిషన్ నిలబెట్టాల్సిన ఉష్ణోగ్రత) ఇరవైనాలుగ్గంటలూ 7 డిగ్రీలు. ఇప్పుడు పొద్దున 10 నుంచి సాయంత్రం 4 దాకా 5 డిగ్రీలకి దించుతాం, సోలార్ మిగులు ఉన్నంతసేపు కంప్రెసర్ ఆపకుండా నడుస్తుంది. సాయంత్రం 6 నుంచి 10 దాకా 8 డిగ్రీలు దాటితేనే కంప్రెసర్ స్టార్ట్ అవ్వాలి, ఫ్యాన్లు మాత్రం కొద్దిగా తిరుగుతుంటాయి. మొదట్లో ప్లాంటు ఆపరేటర్ ఒప్పుకోలేదు, ముప్పై ఏళ్లుగా అమోనియా ప్లాంట్లు నడుపుతున్న మనిషి. "సాయంత్రం మిషన్ ఆపితే సరుకు చెమట పడుతుంది బాబూ, బూజొస్తే ఎవరిది పూచీ?" అన్నాడు. ఆయన భయం పూర్తిగా న్యాయమైంది, మిర్చికి డిగ్రీ అటూ ఇటూ అయితే నష్టం లేదు, తేమ పడితేనే నష్టం. "బాబాయ్, తలుపు తీస్తేనే కదా తేమ లోపలికొచ్చేది, ఆ నాలుగు గంటలూ తలుపు తియ్యకుండా చూద్దాం" అని చెప్పి ప్రతి ఛాంబర్‌లో తేమ మీటర్లు పెట్టాం, 65 శాతం దాటితే సెట్ పాయింట్ సంగతి వదిలేసి మిషన్ స్టార్ట్ చేసే హక్కు ఆయనకే ఇచ్చాం. సాయంత్రం లోడింగ్ అన్‌లోడింగ్ ఆపించాం, దానికి ముఠా మేస్త్రీతో మాట్లాడి పనిగంటలు పొద్దున్నకి జరపాల్సి వచ్చింది. నిజం చెప్పాలంటే ఈ ప్రాజెక్టులో కష్టమైన ఇంజినీరింగ్ అదే.

జులై నుంచి జనవరి దాకా సాయంత్రం పీక్ నుంచి రోజుకి వంద యూనిట్లకి పైనే పగటికి జరిగాయి, గాలి ఉష్ణోగ్రత ఒకటిన్నర డిగ్రీ పెరిగేది, సంచీ లోపల పెట్టిన ప్రోబ్‌లో (ఉష్ణోగ్రత కొలిచే పుల్ల) కదలిక దాదాపు లేదు. ఖర్చు కంట్రోలర్, ప్రోబ్‌లు, వైరింగ్ మాత్రమే.

లోడింగ్ సీజన్‌లో ఇది పనిచెయ్యదు, అది ముందే చెప్పాం. మార్చి ఏప్రిల్‌లో రెండు కంప్రెసర్లూ రాత్రింబవళ్లు నడుస్తుంటాయి, జరపడానికి ఖాళీ ఎక్కడుంది. అప్పుడు ఇంకో పని చెయ్యొచ్చు. పగలంతా ఎండలో లారీ మీద ఉన్న టిక్కీని సాయంత్రం లోపలికి తోసే బదులు రాత్రంతా గాలాడే షెడ్డులో ఉంచి తెల్లారుజామున లోపల పెడితే సంచీ పది డిగ్రీలు తక్కువ వేడితో లోపలికెళ్తుంది. రోజుకి 2 వేల టిక్కీలు అనుకుంటే 90 టన్నులు, పది డిగ్రీలంటే 300 యూనిట్ల వేడి, వంద యూనిట్ల కరెంటు. రాత్రి గాలి ఆ పని ఉచితంగా చేసిపెడుతుంది. రద్దీ రోజుల్లో షెడ్డులో చోటు చాలదు కాబట్టి అన్ని టిక్కీలకీ కుదరలేదు, కుదిరినంత చేశారు.

ఐస్ బ్యాంక్ (పగలు ఐసు కట్టి సాయంత్రం దాని చల్లదనం వాడుకునే ట్యాంకు) గురించి కూడా ఆలోచించాం, వదిలెయ్యలేదు, వాయిదా వేశాం. టన్ను ఐసు కరిగితే 93 యూనిట్ల చల్లదనం ఇస్తుంది, పది టన్నుల ట్యాంకు అంటే 300 యూనిట్ల కరెంటు అంత, బ్యాటరీలా అరిగేది కాదు. కానీ ఐసు కట్టాలంటే అమోనియాని ఇంకా కింది ఉష్ణోగ్రతకి తీసుకెళ్లాలి, అక్కడ కంప్రెసర్ సామర్థ్యం పడిపోతుంది, పైగా ఉన్న బంకర్ కాయిల్స్‌కి (ఛాంబర్‌ని చల్లబరిచే గొట్టాలకి) ఇంకో లూపు కలపాలి. కొత్తగా కట్టే ఛాంబర్‌కి అయితే మొదటినుంచే డిజైన్‌లో పెట్టుకోమంటా.

బ్యాటరీ అసలు పెట్టలేదా అంటే చిన్నది పెట్టాం, పది యూనిట్లది. కంట్రోల్ ప్యానెల్, అమోనియా లీక్ డిటెక్టర్లు, ఎమర్జెన్సీ లైట్లు, సర్వర్ కోసం. కరెంటు పోయినప్పుడు లీక్ డిటెక్టర్ చచ్చిపోకూడదు, ఆ బ్యాటరీ విలువ యూనిట్ రేటుతో కొలవకూడదు. దాన్ని ప్లాంటు రూమ్‌లో కాకుండా ఛాంబర్ల ముందున్న చల్లటి వరండా గదిలో, నేల నుంచి నడుము ఎత్తులో స్టాండ్ మీద పెట్టాం. వేడికి బ్యాటరీ ఆయుష్షు వేగంగా పోతుంది, అది ఒక కారణం. రెండోది, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ అంతా మునిగాక ఈ చుట్టుపక్కల ఎవరూ ఇన్వర్టర్, బ్యాటరీ నేలమీద పెట్టకూడదనే నా అభిప్రాయం.

తుపాను రోజుల సంగతి వేరే లెక్క. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది, అలాంటప్పుడు రెండు మూడు రోజులు సోలార్ మామూలు రోజులో పదో వంతు ఇరవయ్యో వంతు కూడా ఇస్తుందో లేదో, గ్రిడ్ కూడా ఉండకపోవచ్చు. దానికి సరిపడా బ్యాటరీ కొంటే మిగతా ఏడాదంతా ఖాళీగా కూర్చుంటుంది. అక్కడ డీజిల్ జనరేటరే సరైన జవాబు, నాకు ఇష్టం లేకపోయినా. పైగా వాయుగుండం హెచ్చరిక రాగానే ముందురోజే సరుకుని 5 డిగ్రీలకి దించి తలుపులు మూసేస్తే ఒకటి రెండు రోజులు మిర్చి తనంతట తనే ఆగుతుంది.

ఇలాంటి పని మీరూ చెయ్యబోతుంటే రెండు చోట్ల జాగ్రత్త. పగలు రెండు కంప్రెసర్లూ ఒకేసారి నడుపుతుండగా మబ్బు అడ్డొస్తే ఆ లోడంతా గ్రిడ్ మీద పడి ఆ నెల మ్యాగ్జిమమ్ డిమాండ్ (గ్రిడ్ నుంచి లాగిన అత్యధిక లోడ్) ఎగిరిపోతుంది, ఒక్క అరగంట చాలు నెలంతా కట్టుకోవడానికి. అందుకే పగలు ముందుగా చల్లబరిచే టైమ్‌లో రెండోది స్టార్ట్ కాకుండా ఇంటర్‌లాక్ పెట్టాం, గ్రిడ్ నుంచి తీసుకునేది ఒక హద్దు దాటితే మొదటిది కూడా లోడ్ తగ్గించుకుంటుంది. రెండోది పవర్ ఫ్యాక్టర్. సోలార్ యాక్టివ్ పవర్ (అసలు పని చేసేది) మాత్రమే ఇస్తుంటే మోటార్లకి కావాల్సిన రియాక్టివ్ పవరంతా (అయస్కాంతం కోసం వచ్చిపోయేది) గ్రిడ్ నుంచే వస్తుంది, మీటర్ దగ్గర పవర్ ఫ్యాక్టర్ (లాగిన దాంట్లో అసలు పని చేసే వాటా) ఘోరంగా కనపడుతుంది, రెండూ కలిపి కొలిచే కేవీఏహెచ్ బిల్లింగ్‌లో ఆ దెబ్బ నేరుగా తగులుతుంది. రియాక్టివ్ పవర్ ఇచ్చే కెపాసిటర్ ప్యానెల్ సీటీలు (కరెంటు కొలిచే ట్రాన్స్‌ఫార్మర్లు) ఎక్కడున్నాయో చూసుకుని, ఇన్వర్టర్‌లో రియాక్టివ్ సెట్టింగ్ ఆన్ చేయించుకోండి. సోలార్ పెట్టినా బిల్లు అనుకున్నంత తగ్గలేదు అనే చాలా సైట్లలో మాకు దొరికిన కారణం ఇదే.

ఓనర్ గారు ఇప్పుడు ఐదో ఛాంబర్ కడుతున్నారు. బ్యాటరీకి అనుకున్న డబ్బులో కొంత దాని గోడల ఇన్సులేషన్ మందం పెంచడానికి, కొంత తలుపులకి ఎయిర్ కర్టెన్లకి వెళ్తోంది. టిక్కీల వరసల మధ్య గాలి సందు ఇంకో నాలుగు అంగుళాలు పెంచితే రోజువారీ పాల్గొనే సరుకు మూడో వంతు నుంచి ఎంతకి పెరుగుతుందో వచ్చే సీజన్‌లో అదే ఛాంబర్‌లో ప్రోబ్‌లు పెట్టి కొలుస్తాం.